పెద్దల్లుడి పసుపు చేప

ఆ వీధికంతా ఆయన పెద్దల్లుడు. మామగారి కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆయనది, ముందు గది చిన్నల్లుడిది. మామగారు పోయి చాలాకాలమైనా ఆ పిలుపులు అలాగే ఉండిపోయాయి. ఉత్తరాలు తెచ్చే మనిషి మొదలుకుని ఎదురు మందుల షాపు ఆవిడ దాకా అందరికీ వాళ్ళు అల్లుళ్ళే. బట్టతల వచ్చాక కూడా మనిషిని అల్లుడనే పిలుస్తుంటే, ఆ ఇంట్లో నిన్ననే అడుగు పెట్టినట్టుంటుంది. ఏ కుర్చీలో ఆనుకుని కూర్చోవచ్చో, ఏ కుర్చీలో కూడదో ఇంకా తెలియనట్టుంటుంది.

వెనక గదిలో పొద్దంతా సానరాయి తిరిగేది. గుండ్రటి అద్దాన్ని దానికి ఆనించి, ఫ్రేము ఆకారానికి అంచులు అరగదీయడం పెద్దల్లుడి పని. తెల్లటి పొడి మోచేతుల దాకా పట్టి, సాయంత్రానికి సగం వెన్నెల్లో తడిసి వచ్చిన మనిషిలా కనిపించేవాడు. అద్దం వెంట్రుకవాసి పక్కకు తిరిగినా పెట్టుకున్నవాళ్ళకు మెట్లు వంకరగా కనిపిస్తాయి. ఆయన చేతిలోంచి అలాంటి అద్దం బయటికి పోయింది లేదు. కానీ ఆ అద్దాన్ని ముక్కు మీద నిలబెట్టి, చెవుల వెనక సర్ది, "ఇప్పుడు చూడండి" అనేది చిన్నల్లుడు. మసకబారిన లోకం ఒక్కసారిగా తేటపడే ఆ క్షణంలో, ఎదురుగా కనిపించే మొదటి ముఖం అతనిదే. చూపు వచ్చినవాళ్ళు అతన్ని చూసి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లో సగం తనకు రావలసినవని పెద్దల్లుడికి లోలోపల ఉండేది.

పైకి మాత్రం తోడల్లుళ్ళిద్దరి మధ్యా ఏ మాటపట్టింపూ లేదు. చిన్నల్లుడు నోరారా "అన్నయ్యా" అని పిలిచేవాడు. పెద్దల్లుడు "ఇదిగో" అనో "ఏమయ్యా" అనో అనేవాడు. అతను పోట్లాడే మనిషైతే బాగుండేది, ఎదురు పోట్లాడి కడుపుమంట చల్లార్చుకోవచ్చు. మంచివాడితో ఆ వెసులుబాటు కూడా ఉండదు.

రెండు గదులకూ మధ్య గోడలో పాత బీరువా తీసేసిన ఖాళీ ఒకటుంటే, అందులో పెద్దల్లుడు ఉప్పునీటి అక్వేరియం పెట్టించాడు. రెండు వైపులా గాజే. వెనక నుంచి చూస్తే నీళ్ళలోంచి ముందు గది కనిపించేది. గోడకున్న ఫ్రేములు, వచ్చేపోయే మనుషులు, చిన్నల్లుడి నవ్వు, అన్నీ సన్నగా అలలెత్తుతూ. ఉప్పు కలిపి నీటి సాంద్రత చూడడం, గాజుకు పట్టిన పాచి గీకడం, అడుగున చేరిన చెత్త గొట్టంతో లాగెయ్యడం, బకెట్లతో నీళ్ళు మార్చడం, అంతా ఆయనే. నీళ్ళలో నారింజరంగు చేపలు రెండు, మీసాల ఎర్ర రొయ్య ఒకటి ఉండేవి. నడుమ రాతి మీద గులాబీరంగు పగడం ఒకటి చిన్న పొదలా కొమ్మలు వేసి ఉండేది. ఆ కొమ్మల సందులో గోరంత పసుపు చేప.

గోబీ అంటారు దాన్ని. నిమ్మతొక్క ముక్కకు రెండు కళ్ళు అతికించినట్టుండేది. ఒంటి మీద పొలుసులుండవు, జిగురుంటుంది. ఆ జిగురు చేదు. అందుకే తనకంటే పెద్ద చేపలు కూడా దాన్ని నోట పెట్టవు. ఈదడం కంటే కూర్చోవడమే దానికి ఇష్టం. పొట్ట కింది రెక్కలతో కొమ్మను పట్టుకుని, కిటికీ ఊచల్లోంచి పిల్లలు వీధిని చూసినట్టు, రోజంతా నీళ్ళను చూస్తూ కూర్చునేది.

చేపల దుకాణంలో దాన్ని మొదట చూసినప్పుడు పెద్దల్లుడికి ఎవరో తెలిసిన మనిషి కనిపించినట్టయింది. ఒక మూల, ఒక పట్టు, ఎవరి జోలికీ పోని బతుకు. ఇది నాది అనుకున్నాడు. దుకాణం మామగారిది, ఇల్లు అత్తగారిది, నవ్వులు చిన్నల్లుడివి. ఈ చేప ఒక్కటే ఎవరి చేతి మీదుగానూ రాకుండా తన దగ్గరికొచ్చింది.

చేప మాత్రం అలా అనుకోలేదు. ఆయన ముఖం గాజు దగ్గరికి రాగానే కొమ్మ చుట్టూ తిరిగి అవతలికి పోయేది. ఆయన వైపు తోక, ముందు గది వైపు ముఖం. అదే చిన్నల్లుడు వంగితే కొమ్మ చివరిదాకా వచ్చి, కళ్ళు గుండ్రంగా తిప్పుతూ నిలబడేది.

"మీరంటే ఎంత ఇష్టమండీ దానికి" అంది ఒక పెద్దావిడ, కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ.

పెద్దల్లుడు సానరాయి మోటారు ఆపి చెవి అటు వేశాడు.

"నాది కాదండీ, మా అన్నయ్య చేప" అన్నాడు చిన్నల్లుడు.

"ఆయన చేపయితే మాత్రం, దాని మనసు ఎక్కడుందో కనబడుతూనే ఉందిగా."

పెద్దల్లుడు మోటారు మళ్ళీ వేశాడు. ఆ రోజు సానరాయి మామూలు కంటే గట్టిగా అరిచింది.

రెండు సంసారాలూ దుకాణం పైనే. అల్లుళ్ళు పొద్దున ముందూ వెనకా కిందికి దిగినా, మధ్యాహ్నం భోజనానికి మాత్రం దుకాణం తలుపు దగ్గరకు వేసి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. పెద్దల్లుడి భార్య, చిన్నల్లుడి భార్య అక్కచెల్లెళ్ళు. వాళ్ళమ్మ బల్ల చివర.

"చేపలకు మనుషుల్లో తేడా తెలుస్తుందంటారా?" అన్నాడు పెద్దల్లుడు ఎవరినీ ఉద్దేశించనట్టు.

అత్తగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు. "తెలియకేం నాయనా. స్నానం పోసేవాళ్ళంటే పిల్లలకు పడుతుందా? చేతిలో తీపి ఉన్నవాళ్ళ చంకే ఎక్కుతారు."

"దానికి తీపి ఎవరు పెడుతున్నారట?"

అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరదలు నవ్వాపుకోలేకపోయింది.

"బావగారికి తెలియదా? ఈయన రోజూ తొట్టిలో నీళ్ళు తిప్పే పంపు ఆపి, చుక్కల మందు గొట్టంతో దాని నోటికందిస్తున్నారుగా. నాకు కళ్ళు మండితే మందు తెచ్చివ్వడానికి తీరిక ఉండదు. చేపకు మాత్రం కొసరి కొసరి వడ్డన."

చిన్నల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, ఏం లేదన్నయ్యా. మీరు పైనుంచి చల్లే మేతంతా ఆ నారింజవి గుటుక్కున మింగేస్తున్నాయి. ఇది నిదానం మనిషి, కొమ్మ దిగదు. పొట్ట లోపలికి పోయినట్టు కనిపిస్తే, కొమ్మ దగ్గరికే తీసుకెళ్ళి ఒక్కొక్క చుక్కా వదులుతున్నా. మీరు పనిలో ఉన్నారని చెప్పలేదు."

"మంచి పని చేశావు" అన్నాడు పెద్దల్లుడు.

ఆ సాయంత్రమే తనూ ఒక గొట్టం తీసుకుని పంపు ఆపాడు. ఆయన చెయ్యి నీళ్ళలో పడగానే పసుపు చేప పగడం లోలోపలికి పోయి నక్కింది. అది పాచి గీకే చెయ్యి, రాళ్ళు కదిలించే చెయ్యి, వచ్చినప్పుడల్లా దాని లోకాన్ని తలకిందులు చేసి పోయే చెయ్యి. మేత పొగలా విచ్చుకుని పైకి తేలిపోతే నారింజ చేపలు విందు చేసుకున్నాయి.

"చేపతో కూడా పంతమేనా మీకు?" అంది భార్య, తడిసిన చొక్కా ఆరేస్తూ. "దాన్ని అతనికి వదిలేసి, మీరు ఇంకోటి తెచ్చుకోండి. గొడవ వదిలిపోతుంది."

ఆవిడ ఎగతాళికే అంది. పెద్దల్లుడి బుర్రలో మాత్రం ఆ మాట వేరే దారి పట్టింది. ఇంకో చేప. దీనికంటే దిట్టమైనది. అది వచ్చి కొమ్మను ఆక్రమించుకుని, ఈ కృతఘ్నురాలిని ఒక మూలకు తరిమేస్తే? అప్పుడు చిన్నల్లుడు గొట్టం పట్టుకుని ఎవరి నోటికి అందిస్తాడో చూడాలి.

చేపల దుకాణం నడిపే ఆవిడ ఆయన అడిగింది విని కళ్ళు చికిలించింది. "తోడు కోసమా?"

"తోడు కాదు. కాస్త గట్టిది కావాలి."

"కుస్తీకి పంపుతారా ఏంటి?" వలతో నీళ్ళు కలుపుతూ అంది. "మొదట్లో కొట్టుకుంటాయి. కంగారుపడి తీసేయకండి. వీటిలో ఒక వింతుంది. రెండూ మగవైతే ఒకటి ఆడదవుతుంది. రెండూ ఆడవైతే ఒకటి మగదవుతుంది. ఇందులో గెలిచిందెవరని చూడకూడదు, మారిందెవరని చూడాలి."

"ఏది మారుతుంది?"

"అది వాటి ఇంటి విషయం. మనకు చెప్పవు."

తోక అంచున చిన్న నొక్కు ఉన్నదాన్ని ఆయన ఏరుకున్నాడు. గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని.

మర్నాడు చిన్నల్లుడు దిగకముందే దుకాణం తెరిచి, కవరులో కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు పోసి అలవాటు చేసి, చేపను వదిలాడు. వదిలి, మునివేళ్ళ మీద నిలబడి చూశాడు. పాతది కొమ్మల్లోంచి పసుపు నిప్పురవ్వలా దూసుకొచ్చింది. ఒక్క తోపు. ఇంకో తోపు. దిట్టమైనదని తెచ్చుకున్నది తిరగబడనైనా లేదు. పోయి పంపు గొట్టం వెనక మూలలో, గాజుకు అతుక్కుని కూర్చుంది. తను తెచ్చినది కూడా తనలాగే వెనక గది వెతుక్కుందనిపించి, పెద్దల్లుడికి దాని మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"అన్నయ్యా, కొత్త చుట్టం వచ్చినట్టుందే" అన్నాడు చిన్నల్లుడు రాగానే.

"నాది." మాట మరీ పదునుగా వచ్చింది. "అంటే, నేను తెచ్చాను."

"పాపం, బెదిరిపోయింది. దీనికీ నేను గొట్టంతో పెడతాలెండి."

"అక్కర్లేదు. దానికి నేను పెట్టుకుంటాను."

పెట్టుకున్నాడు. దాక్కోవడానికి కొమ్మ లేనిది, ఆకలి మీదున్నది, ఇంకేం చేస్తుంది? ఆయన గొట్టం చివరికి నోరు చాపింది. ఆ చిన్న నోరు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా ఆయన నోరు కూడా తెలియకుండానే తెరుచుకునేది. ఆ రోజుల్లో సానరాయి పాట పాడినట్టు తిరిగింది. పిలవకపోయినా ముందు గదిలోకి వచ్చి, వచ్చినవాళ్ళతో "ఆ మూలది చూశారా, అది నా చేతి మీదే తింటుంది" అని చెప్పుకున్నాడు కూడా.

తర్వాత ఒక పొద్దున పంపు మూల ఖాళీగా ఉంది. తొట్టి అంతా వెతికాడు. పగడంలో, ఒకే కొమ్మ మీద, రెండు పసుపు చేపలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చునున్నాయి. తోక నొక్కు ఎప్పుడు పూడిందో పూడిపోయింది. భూతద్దం పెట్టి చూశాడు. రెండద్దాల మధ్య వెంట్రుకవాసి తేడా చూపుతోనే పట్టేసే మనిషి, తన చేప ఏదో, రెండోది ఏదో పోల్చుకోలేకపోయాడు. గాజుకు దగ్గరగా జరిగితే రెండూ కలిసి అవతలికి తిరిగాయి. ఇప్పుడు ఆయన వైపు రెండు తోకలు.

ముందు గదిలో చిన్నల్లుడు గొట్టం తీసి, చెరో చుక్క వడ్డించాడు.

తనకు ఉన్న ఒక్కదాన్నీ చిన్నల్లుడు అటువైపు చేర్చుకున్నట్టే అయింది. ఆ పూట ఆయన అన్నం సగంలోనే లేచాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడం కూడా ఆయన మనసులో పెట్టుకున్నాడు.

పగడం కొమ్మ మీద తెల్లటి పట్టీ కనిపించింది ఆ తర్వాతే. వెనక గదిలోంచి చూస్తుంటే గులాబీరంగు చర్మం ఒకచోట ఉంగరంలా చుట్టూ ఊడిపోయి, లోపలి ఎముక బయటపడి ఉంది. చేపలు రెండూ అక్కడే ముక్కులు ఆనించి కొరుకుతున్నాయి. పట్టీ పెద్దదవుతోంది. అది చూసి ఆయనకు బాధ కలిగింది. కానీ బాధ కంటే ముందు ఇంకొకటి వచ్చి కూర్చుంది. అది సంతోషానికి చాలా దగ్గరి చుట్టం.

"ఇదిగో, ఇలా రా" అని పిలిచాడు, ముందు గదిలో మనుషులుండగానే. "చూశావా? గొట్టాలతో మేపీ మేపీ నీళ్ళు పాడుచేశావు. పగడం కుళ్ళిపోతోంది."

చిన్నల్లుడి ముఖంలో రంగు పోయింది. చేతిలో ఉన్న ఫ్రేము మెల్లిగా బల్ల మీద పెట్టాడు. "నా వల్లేనా అన్నయ్యా? చేపలావిడను అడిగి చూద్దామా? ఒకటి రెండు రోజులు ఆగి..."

"పగులు పాకాక ఇంక చూసేదేముంటుంది?"

అది ఆయన పని నేర్పిన మాట. అద్దం అంచున చిన్న పెచ్చు లేస్తే, అది లోపలికి పాకకముందే అరగదీసి తీసెయ్యాలి. జాలిపడి వదిలేసిన పెచ్చు అద్దం మొత్తాన్నీ తినేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆయన చేతులకు తెలిసిన న్యాయం అదొక్కటే.

అయినా ఆ కొమ్మను వెంటనే కొయ్యలేదు. తెల్ల పట్టీ రోజూ కనిపించేలా, చిన్నల్లుడి తప్పు రోజూ కనిపించేలా, కొన్నాళ్ళు అలాగే ఉంచాడు. చిన్నల్లుడు గొట్టం ముట్టుకోవడం మానేశాడు. గాజు దగ్గరికి వంగడం కూడా మానేశాడు. రోజుకో చిటికెడు మేత పెద్దల్లుడే పైనుంచి చల్లుతున్నాడు. ఒక చేప మాత్రం మేతకు కూడా పైకి రాకుండా ఆ పట్టీ పక్కనే రెక్కలాడిస్తూ కూర్చుంటోంది. రోగం ఉన్నచోటే పట్టుకు వేలాడుతోంది మొండిది, అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మిగతావాళ్ళు భోజనానికి పైకి వెళ్ళారు. ఆయన ఫ్రేముల తీగలు కత్తిరించే కట్టరు తీసుకుని చొక్కా చేతులు మడిచాడు. చెయ్యి దగ్గరపడుతుంటే ఒక చేప పారిపోయింది. రెండోది కదల్లేదు. కట్టరు కొమ్మ మొదట్లో పడి, టక్కుమని చిన్న చప్పుడు నీళ్ళలోంచే చేతికి తెలిసి, కొమ్మ ఊడి వచ్చేసింది. అయినా ఆ చేప కొమ్మను వదలకుండా నీటి పైదాకా వచ్చి, చివరి క్షణంలో జారిపడింది. పడి, తెగిన మోడు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వెతుకుతున్న తిరుగుడు అది.

అద్దాలు కడిగే పళ్ళెంలో తొట్టి నీళ్ళు పోసి కొమ్మను అందులో పెట్టాడు. కుళ్ళు ఎంతవరకు పాకిందో చూద్దామని భూతద్దం కంటికి బిగించి వంగాడు.

తెల్లటి పట్టీ మీద కుళ్ళు లేదు. గాజుపూసల్లాంటివి వరసలు వరసలుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కొమ్మ చుట్టూ అంటుకుని ఉన్నాయి. ఇంకాస్త వంగాడు. ఒక్కొక్క పూసలో రెండేసి చుక్కలు. నల్లగా, మెరుస్తూ.

కళ్ళు.

జీవితమంతా కళ్ళకు అద్దాలు చేసిన మనిషిని, ఇంకా లోకంలోకి రాని అన్ని కళ్ళు ఒకేసారి చూస్తున్నాయి. ఆ పట్టీ రోగం కాదు. కొమ్మ మీద చర్మం ఒలిచి, శుభ్రం చేసి, అవి వేసుకున్న పక్క. దాని దగ్గర రెక్కలాడిస్తూ కూర్చున్నది మొండిది కాదు, కాపలా.

ఆయన మెట్ల దగ్గరికి పరుగెత్తి, తల పైకెత్తి పిలిచాడు. "తమ్ముడూ."

పైన బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ పిలుపు ఎవరినో వాళ్ళకు వెంటనే తట్టలేదు.

చిన్నల్లుడు ఎంగిలి చేత్తోనే దిగొచ్చాడు. పళ్ళెం చూశాడు, కట్టరు చూశాడు, భూతద్దంలోంచి ఒక్కసారి చూశాడు. ఒక్క మాటన్నా అని ఉంటే పెద్దల్లుడికి కాస్త తేలికయ్యేది. అతను చెయ్యి కడుక్కుని, చేపలావిడకు ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"ముందు ఊపిరి పీల్చుకోండి" అంది ఆవిడ, జరిగింది విని. "కొమ్మ నీళ్ళలోనే ఉందిగా? ఉంటే భయం లేదు. కళ్ళజోళ్ళు అతికించే చిక్కటి గమ్ మీ దగ్గర ఉండే ఉంటుంది. మోడు మీద పెట్టి, కొమ్మ ముందు ఏ వాలులో ఉందో అదే వాలులో నిలబెట్టండి. గుడ్లకు గమ్ తగలకూడదు. ఆరేదాకా చెయ్యి కదపకూడదు."

"పిల్లలు బతుకుతాయా?" అన్నాడు పెద్దల్లుడు.

"మీ తొట్టిలో కష్టమే. పుట్టగానే మిగతావి తినేస్తాయి, లేదంటే పంపు లాగేస్తుంది. కానీ కాపలా కాసే తండ్రి తిరిగొచ్చి కూర్చున్నాడంటే, మళ్ళీ మళ్ళీ పెడతాయి. వాటికి ఆ కొమ్మ మీద నమ్మకం పోకూడదు, అంతే."

చిన్నల్లుడు గమ్ మూత తీసి పట్టుకున్నాడు. పెద్దల్లుడు కొమ్మను రెండు వేళ్ళతో ఎత్తాడు. ఆ వాలు ఆయనకు చూడకుండానే తెలుసు. వెనక గదిలోంచి, రెండు తోకల మీదుగా, ఎన్నాళ్ళుగా చూస్తున్న కొమ్మ అది. మోడు మీద ఆనించి, అద్దాన్ని ఫ్రేములో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టాడు. ముందు గది అవతలి గాజులోంచి మెల్లగా అలలెత్తుతోంది. పైనుంచి దిగొచ్చిన ఆడవాళ్ళు మెట్ల మీదే ఆగిపోయారు.

అప్పుడు పగడం అడుగునుంచి గోరంత పసుపు రంగు కదిలింది. కొమ్మ ఎక్కింది. గుడ్ల పట్టీ చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత ముఖం ఆయన వైపు తిప్పి, దాక్కోకుండా, వెనక్కి తగ్గకుండా, నేరుగా వచ్చి ఆయన వేలిని పొడిచింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ వేలు కదపలేదు. అది మళ్ళీ వచ్చి పొడిచింది. నొప్పి అనడానికి లేదు. వాన మొదటి చినుకు తగిలినంత.

"ఏమైందన్నయ్యా?"

"పొడుస్తోంది."

"అయ్యో. వదిలెయ్యండి, నేను పట్టుకుంటాను."

"వద్దు."

ఇన్నాళ్ళకు అది తన కోసం బయటికి వచ్చింది. ప్రేమతో రాలేదు, నిజమే. ఇంత కొండలాంటి చేతిని తరిమేయాలని వచ్చింది. అయినా ఆ గుండ్రటి కళ్ళు ముందు గదిని చూడడం లేదు. పెద్దల్లుడి మనసులో పాత మంట ఒకటి, ఆరబోతూ కూడా, కడసారి తల ఎత్తింది.

"నిన్నెప్పుడైనా పొడిచిందా?"

"లేదన్నయ్యా." చిన్నల్లుడు గాజు దగ్గరికి వంగాడు. చేప అతని వైపు తిరగలేదు. అతను వేలితో గాజును మెల్లగా తాకాడు. అప్పుడూ తిరగలేదు. "నన్నెప్పుడూ పొడవలేదు."

ఆ గొంతులో ఏదో ఉంది. చాలా సన్నటిది, అద్దం మీద వెంట్రుకలాంటిది. ఇంకెవరూ పసిగట్టి ఉండరు. పెద్దల్లుడికి మాత్రం ఆ చప్పుడు తన గుండె చప్పుడంత బాగా తెలుసు. జాలి వేసింది. హాయిగా కూడా అనిపించింది.

"ఆరిందా అన్నయ్యా?"

"ఇంకా లేదు తమ్ముడూ" అన్నాడు. గమ్ ఎప్పుడో ఆరిపోయింది.